సైలెంట్ వ్యాలీ: దసరాకు వద్దు, సంక్రాంతికి వెళ్లండి

ప్రశ్న: హైదరాబాద్ నుంచి నలుగురం, అంటే నేను, మా ఆవిడ, పదేళ్ల పాప, 68 ఏళ్ల నాన్నగారు, దసరా సెలవుల్లో కేరళలోని సైలెంట్ వ్యాలీకి వెళ్లాలనుకుంటున్నాం. నాలుగు రోజుల్లో ఊటీ కూడా చూడవచ్చా? సొంత కారును అడవిలోకి వెళ్లనిస్తారా? సింహపు తోక కోతి కనబడుతుందా? జలగల గురించి విన్నాక మా ఆవిడ వెనకాడుతోంది. నాన్నగారికి స్టెంట్ వేశారు, రక్తం పలచబరిచే మందు వాడుతున్నారు.

సమాధానం:

ముందు తేదీల సంగతి తేల్చుకుందాం. మీ మిగతా సందేహాల్లో సగం దానితోనే తీరిపోతాయి. దసరాకు వద్దు, సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి.

కారణం వాన. కేరళలో జూన్‌లో మొదలైన నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు చివరికి గానీ సర్దుకోవు. ఆ తడి ఆరకముందే అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వాన అందుకుంటుంది. దాన్ని అక్కడివారు తులావర్షం అంటారు. పొద్దున ఎండ కాస్తుంది, మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులతో కుండపోత. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. సైలెంట్ వ్యాలీ లోపలి భాగంలో అది మూడు వేలకు తగ్గదు. దసరా నాటికి జీపు దారిలో బురద, కాలిబాట మీద జలగలు, కొండల మీద మబ్బు. వాచ్ టవర్ ఎక్కినా తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనబడని రోజులే ఎక్కువ. కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉందనుకుంటే అటవీ శాఖ ప్రవేశమే ఆపేస్తుంది. అంత దూరం నుంచి వచ్చామని బతిమాలినా లాభం ఉండదు, ఉండకూడదు కూడా.

జనవరి రెండో వారానికి వానలు పూర్తిగా వెనక్కి తగ్గుతాయి. నేల గట్టిపడుతుంది, ఆకాశం తేటపడుతుంది, అడవి పచ్చదనం మాత్రం ఇసుమంతైనా తగ్గదు. ఫిబ్రవరి కూడా మంచి నెలే. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి అటవీ సిబ్బందికి కార్చిచ్చు భయం పట్టుకుంటుంది. ఆ రోజుల్లోనూ ఒక్కోసారి సందర్శకులను ఆపేస్తారు.

సంక్రాంతికి ఉన్న చిక్కల్లా రైలు టికెట్టు. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, నెల్లూరు మీదుగా కోయంబత్తూరు, పాలక్కాడ్ వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ మీకు అన్నిటికంటే అనువైన బండి. కానీ మకరజ్యోతి కూడా ఆ రోజుల్లోనే కదా, బోగీల నిండా అయ్యప్ప స్వాములే ఉంటారు. రిజర్వేషన్ తెరిచిన రోజునే తీసుకోండి, లేదా జ్యోతి దర్శనం అయిపోయిన మర్నాటి తర్వాత వెళ్లేలా చూసుకోండి. పొంగల్ రద్దీ వల్ల కోయంబత్తూరు బస్టాండులో కూడా ఆ వారం కాలు పెట్టే సందుండదు. విశాఖపట్నం, విజయవాడ వైపు నుంచి వెళ్లేవారు ఇది చదువుతుంటే, వారికి ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఉంది.

ఇక ఊటీ. నాలుగు రోజుల్లో రెండూ కుదరవు. మ్యాపులో చూస్తే సైలెంట్ వ్యాలీ ఉత్తరపు అంచు నీలగిరి పీఠభూమికి ఆనుకుని ఉంటుంది, అటుపక్క తమిళనాడులోని ముకుర్తి జాతీయ ఉద్యానవనం. ఆ దగ్గరతనం చూసి చాలామంది మోసపోతారు. మధ్యలో నిట్టనిలువు కొండలు తప్ప దారి లేదు. ఇంగ్లీషువారి కాలంలో సిస్పారా కనుమ గుండా ఒక బాట వేశారు గానీ అది ఏనాడో అడవిలో కలిసిపోయింది. ఊటీ నుంచి రావాలంటే కొండ దిగి, చుట్టు తిరిగి, మళ్లీ ఇంకో కొండ ఎక్కాలి. పాపతో, పెద్దాయనతో ఆ పని పెట్టుకోకండి. ఊటీ ఎక్కడికీ పోదు.

అడవికి గుమ్మం లాంటి ఊరు ముక్కాలి, పాలక్కాడ్ జిల్లా అట్టప్పాడి ప్రాంతంలో ఉంటుంది. రెండు దారులున్నాయి. పాలక్కాడ్‌లో దిగి మన్నార్కాడ్ మీదుగా వెళ్తే చివరి 20 కిలోమీటర్లు మలుపుల ఘాట్ రోడ్డు. కోయంబత్తూరులో దిగితే ఆనైకట్టి మీదుగా తూర్పు వైపు నుంచి చేరవచ్చు. నా ఓటు రెండో దానికి. కొండల వెనక వాననీడలో ఉండడం వల్ల అట్టప్పాడి తూర్పు భాగం బాగా పొడి నేల. తుమ్మచెట్లు, ముళ్లపొదలు, ఎర్రమట్టి, మేకల మందలు చూస్తుంటే అనంతపురం పక్కన ఎక్కడో ఉన్నట్టుంటుంది. అలా పోతూ పోతూ పడమటికి తిరిగేసరికి, గంట గంటన్నర ప్రయాణంలోనే, రోడ్డు పక్క గట్ల మీద నాచు కనబడడం మొదలవుతుంది. వానల అడవి ఎక్కడ పుడుతుందో, ఎందుకు పుడుతుందో పాపకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. పడమటి గాలి మోసుకొచ్చిన నీరంతా కొండకు అవతలి పక్కనే దింపేస్తుంది, ఇవతలి పక్కకు మిగిలేది కొంచెమే.

కారు సంగతి. మీ బండిని ముక్కాలిలోనే వదిలేయాలి. అక్కడి అటవీ శాఖ కార్యాలయంలో నమోదు చేసుకుంటే వాళ్ల జీపు, డ్రైవరు, వెంట ఒక గైడు వస్తారు. అక్కడి నుంచి సైరంధ్రి అనే చోటికి 23 కిలోమీటర్లు. విరాటపర్వంలో ద్రౌపది పేరు అది. కింద పారే నదికేమో కుంతి పేరు పెట్టారు, కుంతిపుళ. పాండవులు వనవాసంలో అక్కడికి రాలేదని చెప్పే కొండ మన దేశంలో ఉందా అని నాకో అనుమానం. ఉదయం ఎనిమిది ప్రాంతంలో మొదటి జీపులు బయలుదేరుతాయి, మధ్యాహ్నం దాటాక కొత్తవారిని పంపరు. రోజుకు ఇన్ని బండ్లే అని పరిమితి ఉంది కాబట్టి ముందుగా బుక్ చేసుకోండి. ముందు రోజు సాయంత్రానికే ముక్కాలి చేరి, అక్కడే రాత్రి ఉండి, మొదటి జీపు ఎక్కండి. తెల్లవారాక కోయంబత్తూరులో బయలుదేరి పదకొండింటికి చేరేవారికి దక్కేది కొమ్మల మీద కునుకు తీస్తున్న అడవి. లోపల రాత్రి బస దొరుకుతుందని లెక్కపెట్టుకోకండి. ముక్కాలిలో అటవీ శాఖ గదులున్నాయి, చుట్టుపక్కల చిన్న హోమ్‌స్టేలు కూడా దొరుకుతాయి.

ఇప్పుడు అసలు విషయం, అక్కడ ఏం కనబడుతుంది? నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని, నా పక్షపాతం చెట్ల వైపే అని ముందే ఒప్పుకుంటాను. అయినా ఈ ఒక్క మాట నమ్మండి. కర్ణాటకలోని నాగరహోళె, మహారాష్ట్రలోని తాడోబా అడవుల్లో సఫారీ చేసినవారు అదే లెక్కతో ఇక్కడికి వస్తే పెదవి విరుస్తారు. అక్కడ చెట్లు దూరదూరంగా ఉంటాయి, వేసవిలో ఆకు రాలుతుంది, నీటిగుంట దగ్గర జంతువు నిలబడి కనబడుతుంది. మన నల్లమలా అంతే, ఏప్రిల్‌లో వెళ్తే కొండ వాలు మొత్తం ఎముకల గూడులా తెలిసిపోతుంది. వానల అడవిలో ఏ నెలలోనూ అడవి మొత్తం ఒకేసారి ఆకు రాల్చదు. పది అడుగుల అవతల ఏనుగు నిలబడినా కనబడకపోవచ్చు. పులులు, ఏనుగులు, చిరుతలు ఈ అడవిలో ఉన్నాయి, కానీ వాటి కోసం వెళ్లకండి. వెలుతురు కోసం చెట్లు ముప్పై నలభై మీటర్లు ఎత్తుకు పెరుగుతాయి. పువ్వు, కాయ, కోతి, పక్షి, అన్నీ ఆ పై అంతస్తులోనే. కింద మిగిలేది చీకటి, తడి, రాలిన ఆకు. అందుకే ఇక్కడ చూపు పైకి ఉండాలి, చెవి ఎప్పుడూ తెరిచి ఉండాలి. మాట్లాడకుండా పది నిమిషాలు ఒకచోట నిలబడగలిగితే, గంట నడిచినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది. మెడ నొప్పి ఖాయం.

పాపకు రెండు చెట్లు చూపించమని గైడును అడగండి. ఒకటి నాగకేసరం. ఆయుర్వేద దుకాణాల్లో దీని పువ్వుల కేసరాలు ఎండబెట్టి అమ్ముతారు. దీని లేత ఆకు ఆకుపచ్చగా పుట్టదు, ఎర్రగా పుడుతుంది. చిగురు వేసే కాలంలో పైనుంచి చూస్తే పచ్చటి అడవి మీద అక్కడక్కడ కుంకుమ చల్లినట్టు ఉంటుంది. ముదిరిన ఆకును తిరగేస్తే అడుగున తెల్లటి పూత కనబడుతుంది. రెండోది కల్లేనియా. మలయాళంలో దీన్ని వెడిప్లావు అంటారు. పనసలాగే దీనికీ పూత చిటారు కొమ్మన కాకుండా ముదురు కొమ్మలకే అంటుకుని గుత్తులు గుత్తులుగా వస్తుంది. కాయకు ఒళ్లంతా ముళ్లే. ఈ చెట్టును గుర్తుపట్టడం ఎందుకు ముఖ్యమంటే, మీరడిగిన సింహపు తోక కోతికి ఇది అన్నం పెట్టే చెట్టు. పువ్వు తింటుంది, కాయ చీల్చి గింజ తింటుంది. అడవిలో ఇంకేమీ పండని వారాల్లో కల్లేనియా మీదే బతుకుతుంది. కొమ్మ మీద పూత కనబడితే ఆ కింద కదలకుండా నిలబడండి.

నేల మీద కూడా ఒక వింత ఉంది. రాలిన ఆకులు నాలుగైదు ఏరి పాప చేతిలో పెట్టండి (ఇంటికి తేకూడదు, చూసి అక్కడే వదిలేయాలి). వేర్వేరు చెట్ల ఆకులే అయినా చాలావాటికి కొన సూదిలా సాగి ఉంటుంది. వాన నీరు ఆకు మీద నిలవకుండా ఆ కొన నుంచి జారిపోతుంది. నీరు నిలిస్తే నాచు పడుతుంది, నాచు పడితే వెలుతురు అందదు. నీళ్ల సీసాతో ఒక చుక్క వేసి చూపిస్తే పిల్లలకు జన్మలో మరిచిపోని విషయం అవుతుంది.

కోతి కనబడుతుందా అన్నారు. అవకాశం బాగానే ఉంది, హామీ లేదు. ఈ జాతి పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అడవుల్లో మిగిలినవి నాలుగు వేల లోపేనని అంచనా. సైరంధ్రికి చేరాక చూద్దాంలే అని దారిలో కునుకు తీయకండి, జీపు దారి పొడుగునా చూస్తూనే ఉండాలి. ముందు కొమ్మలు ఊగుతాయి, తర్వాత సగం కొరికిన కాయలు టపటపా కింద పడతాయి. అప్పుడు డ్రైవరును బండి ఆపమని మెల్లగా చెప్పండి. కేకలు వేయవద్దు, వేలెత్తి చూపిస్తూ ఎగరవద్దు.

చాలామంది ఇక్కడ పొరబడతారు. ఈ అడవిలో నల్లటి కోతులు రెండు రకాలు. ఎక్కువగా కనబడేది నీలగిరి కొండముచ్చు. పొడుగాటి మనిషి, నిగనిగలాడే నల్లటి ఒళ్లు, తల మీద మాత్రం గోధుమ వన్నె జుట్టు, కిందికి వేలాడే పొడవైన తోక. ఆకులు తింటుంది. లోయ అవతలి నుంచి బొంగురు గొంతుతో కూత వినబడితే అది దాని మగదే. సింహపు తోక కోతి దానికంటే పొట్టి, గట్టి కట్టు. ముఖం చుట్టూ బూడిద రంగు జూలు వలయంలా ఉంటుంది, తోక పొట్టిగా ఉండి చివర కుచ్చు ఉంటుంది. కొండముచ్చు ఫొటో తీసి సింహపు తోక కోతిని చూశామని ఊరంతా చెప్పుకునేవారు కోకొల్లలు. జూలు లేకపోతే అది కాదు, అంతే గుర్తుపెట్టుకోండి. బైనాక్యులర్ ఒకటి తప్పక పట్టుకెళ్లండి, ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8x42 రకమైతే పాప చేతికి కూడా సరిపోతుంది. అంత ఎత్తున చిక్కటి నీడలో ఫోను కెమెరాకు నల్లటి మచ్చ తప్ప ఏదీ దొరకదు. బెట్టుడుత, అంటే పిల్లి అంత పెద్ద ఉడుత, దాదాపు తప్పకుండా కనబడుతుంది. పెద్ద హార్న్‌బిల్, అంటే భారీ ముక్కున్న పక్షి, ఎగిరిపోతే కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది, దాని రెక్కల చప్పుడు అంత గట్టిది.

కేవలం కోతి కోసమే వెళ్తున్నట్లయితే నిజాయతీగా చెప్పాలి, సైలెంట్ వ్యాలీ కంటే తమిళనాడులోని వాల్పారై సులువు. పొల్లాచ్చి దాటి ఆళియార్ దగ్గర మొదలయ్యే 40 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే తేయాకు తోటల మధ్య వాల్పారై వస్తుంది. అక్కడ పుదుత్తోట్టం అనే తోటలో ముక్కలుగా మిగిలిన అడవిలో ఈ కోతులు రోడ్డు పక్కనే తిరుగుతాయి. బండ్ల కింద పడకుండా రోడ్డుకు అడ్డంగా పైన తాళ్ల వంతెనలు కూడా కట్టారు. కానీ దాన్ని చూస్తే నాకు సంతోషం కంటే దిగులే ఎక్కువ. అడవి తరిగిపోతే చెట్టు మీది కోతి నేల మీదికి ఎలా దిగివస్తుందో అది చూపిస్తుంది. సైలెంట్ వ్యాలీలో కనబడినా కనబడకపోయినా అది దాని ఇంట్లో ఉంది.

సైరంధ్రిలో సుమారు 30 మీటర్ల ఎత్తు వాచ్ టవర్ ఉంది. మీరూ మీ ఆవిడా పాపా ఎక్కండి, నాన్నగారు వద్దు. పైనుంచి చూస్తే చుట్టూ కొండలు, కింద కుంతిపుళ ఇరుకుగా జారిపోయే సందు. ఎదురుగా ఉన్న ఆ అడవి మన కాలానికి దక్కడం వెనక పెద్ద పోరాటమే ఉంది, పాపకు ఆ కథ అక్కడే చెప్పండి. ఆ సందులో 130 మీటర్ల ఎత్తు ఆనకట్ట కట్టి జలవిద్యుత్తు తీయాలన్నది పాత ఆలోచన. 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది. మొదటి దశలో 120 మెగావాట్లు, దానికి బదులుగా ఎనిమిది చదరపు కిలోమీటర్లకు పైగా అడవి మునక. ఆ సమయంలోనే ఈ కోతుల మీద పరిశోధన చేసినవారు, పాములవాడిగా పేరుపడ్డ రోములస్ విటేకర్ లాంటివారు గోల మొదలుపెట్టారు. తర్వాత దాన్ని భుజానికెత్తుకున్నది కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, సైన్సును జనంలోకి తీసుకెళ్లే సంస్థ. బడిపంతుళ్లు, కాలేజీ లెక్చరర్లు ఊరూరా తిరిగి, కరెంటు లెక్కలతో సహా వాదించారు. వారిలో వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఎం.కె. ప్రసాద్ ముందువరసలో ఉన్నారు. మా వృత్తివాడని కాస్త గర్వంగానే చెబుతున్నాను. కవయిత్రి సుగతకుమారి, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ గొంతు కలిపారు. కోతులు ముఖ్యమా మనుషులు ముఖ్యమా అని ఎదుటివారు ఎద్దేవా చేశారు. చివరికి శాస్త్రవేత్త ఎం.జి.కె. మేనన్ కమిటీ పరిశీలన తర్వాత 1983లో ప్రాజెక్టును వదులుకున్నారు. 1984 నవంబరు 15న జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అప్పటికి ఇందిరాగాంధీ హత్య జరిగి పదిహేను రోజులు. మరుసటి ఏడు సెప్టెంబరులో రాజీవ్‌గాంధీ వచ్చి ప్రారంభించారు. అప్పట్లో దాని విస్తీర్ణం 89.52 చదరపు కిలోమీటర్లే, 2007లో చుట్టూ మరో 148 చదరపు కిలోమీటర్లను రక్షణ వలయంగా కలిపారు. జీపులో తిరిగి వచ్చేవారు చూసేది అందులో ఒక అంచు మాత్రమే.

సైరంధ్రి నుంచి నది దాకా ఒకటిన్నర కిలోమీటర్ల కాలిబాట ఉంది. ఒక్కోసారి దాన్ని మూసేస్తారు, తెరిచి ఉంటే మాత్రం వదులుకోకండి. దిగడం సుఖంగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే ఆయాసం. నాన్నగారిని పైన నీడలో కూర్చోబెట్టి మీలో ఒకరు తోడుండండి.

ఇక మీ ఆవిడగారి భయం, జలగలు. ఇవి చెరువుల్లో ఉండేవి కావు, నేల మీద బతికేవి. తడి బాట పక్కన ఆగి ఒక ఆకు అంచుకేసి చూడండి. అగ్గిపుల్ల అంత సన్నటి గోధుమ రంగు దారం ఒకటి వెనక కాలు మీద నిలబడినట్టు లేచి, తల అటూ ఇటూ ఊపుతూ గాలిని తడుముతుంటుంది. మన ఊపిరి, ఒంటి వేడి, అడుగుల అదురు దానికి కబురు. చాలాసార్లు వరుసలో ముందు నడిచినవారి అడుగులకు అవి లేస్తాయి, వెనకవారికి అంటుకుంటాయి. కాబట్టి పాపను గైడు వెనకే నడిపించండి. నేసిన బట్టతో మోకాలి దాకా ఉండే లీచ్ సాక్స్ కొనుక్కుని ప్యాంటును వాటిలోకి దూర్చాలి. మామూలు మేజోళ్ల అల్లిక గుండా అవి దూరగలవు. పొడి పొగాకు, సబ్బు, ఉప్పు సాక్సుల మీద రుద్దడం అక్కడి వారి అలవాటు, కొంతవరకు పనిచేస్తుంది. పట్టుకున్నదాన్ని మాత్రం ఉప్పుతో, అగ్గిపుల్లతో హింసించకండి. అది కడుపులో ఉన్నది గాయంలోకి కక్కితే పుండు పడవచ్చు. సన్నటి కొన దగ్గర గోరు ఒరిపి పక్కకు నెట్టండి, తర్వాత వెడల్పు కొనను లాగేయండి. నొప్పి ఉండదు, రోగమూ రాదు, రెండు మూడు రోజులు దురద ఉంటుంది. జలగ లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంది. అందుకే ఆరోగ్యవంతులకు కూడా గంటల తరబడి సన్నగా కారుతుంది.

నాన్నగారి విషయంలో నేను తేదీల మీద అంత పట్టుబట్టింది ఇందుకే. రక్తం పలచబరిచే మందు వాడేవారికి ఆ కారడం ఇంకా ఆలస్యంగా ఆగుతుంది. ప్రాణాపాయం అనను, కానీ అడవి మధ్యలో అనవసరపు ఆదుర్దా. జనవరిలో పొడి బాట మీద ఈ బెడద దాదాపు ఉండదు. ఎవరేం చెప్పినా మందు ఆపడం మాత్రం చేయకూడదు. ప్రయాణానికి ముందు ఆయన గుండె డాక్టరును ఒకసారి కలిసి, రాను పోను జీపు కుదుపులు తట్టుకోగలరా అని అడగండి. ఆ దారి నడుముకు కూడా పరీక్షే, ముందు సీటు ఆయనకే ఇప్పించండి. ఆసుపత్రుల వివరం తెలిసి ఉండడం మంచిది. అట్టప్పాడిలో కొట్టత్తర ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పెద్ద వైద్యం కావాలంటే ఒక వైపు పెరింతల్మణ్ణ, మరో వైపు కోయంబత్తూరు.

జలగల కంటే నేను జాగ్రత్తపడేది చిన్న పాముల విషయంలో. రాలిన ఆకుల రంగులో కలిసిపోయే హంప్‌నోజ్డ్ పిట్ వైపర్ అనే పొట్టి పాము పడమటి కనుమల్లో సాధారణం. మన దేశంలో ఇచ్చే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికే తయారైంది, దీనికి పనికిరాదు. చెప్పులతో వెళ్లకూడదు. చీలమండ కప్పే బూట్లు వేసుకోవాలి. దుంగ మీద, రాళ్ల సందులో చూడకుండా చేయి పెట్టకూడదు, చూడకుండా కూర్చోకూడదు. ఈ మాత్రం పాటిస్తే చాలు.

తిండి గురించి పెద్దగా చెప్పేది లేదు. ముక్కాలిలో చిన్న హోటళ్లలో మట్ట బియ్యం అన్నం, సాంబారు, చేపల పులుసు దొరుకుతాయి. లావు గింజ అన్నం నాన్నగారికి పడకపోతే కోయంబత్తూరు నుంచే ఏదైనా కట్టించుకోండి. ఆ ఊళ్లో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, దుకాణంలో తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి. ప్లాస్టిక్ లోపలికి పోనివ్వరు, కాబట్టి స్టీలు సీసా, స్టీలు డబ్బా తీసుకెళ్లండి. కోతులకు ఏదీ పెట్టవద్దు, ఒక్క అరటిపండు కూడా. బట్టలు మట్టి రంగువో ఆకుపచ్చవో వేసుకోండి, అత్తరు పూసుకోకండి.

గైడుగా వచ్చేవారు తరచుగా చుట్టుపక్కల ఇరుళ, ముదుగ, కురుంబ ఆదివాసీ కుటుంబాలవారే. మలయాళం, తమిళం మాట్లాడతారు. మీకు నాలుగు తమిళ మాటలు వచ్చినా చాలు. మనం ప్రశ్నలు వేస్తే తప్ప తమంతట తాము మాట్లాడే స్వభావం చాలామందికి ఉండదు. ఏ చెట్టు కాయ ఏ జంతువు తింటుంది, ఏ ఆకు ఏ గాయానికి కడతారు అని పాప చేత అడిగించండి. రుసుము వేరు, గైడు చేతిలో పెట్టేది వేరు. రెండోది మరిచిపోకండి.

నాలుగు రోజులను ఇలా పంచుకోవచ్చు. మొదటి రోజు రైలు దిగి సాయంత్రానికి ముక్కాలి. రెండో రోజు మొదటి జీపు. మూడో రోజును ఖాళీగా ఉంచండి. వాన పడ్డా, ఏనుగులు దారికి అడ్డం వచ్చినా, జీపు దొరకకపోయినా అదే మిమ్మల్ని కాపాడుతుంది. అన్నీ సవ్యంగా జరిగితే ఆ రోజు భవానీ నది ఒడ్డున తిరగవచ్చు, లేదా మళ్లీ ఇంకోసారి లోపలికి వెళ్లవచ్చు. నాలుగో రోజు వెనక్కి. బయలుదేరే ముందు రోజు ముక్కాలి కార్యాలయానికి ఫోను చేసి మూడు విషయాలు కనుక్కోండి: రేపు ప్రవేశం ఉందా, నది బాట తెరిచారా, మొదటి జీపు ఎన్నింటికి? కెమెరాకు విడిగా రుసుము ఉంటుంది, నగదు దగ్గర పెట్టుకోండి. లోపల ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఇంట్లోవారికి సాయంత్రం దాకా ఫోను కలవదని ముందే చెప్పి వెళ్లండి.